రికాబుకు తగ్గ జోడు

గుర్రం మీది నుంచి పడటం కంటే, పడిన తరువాత పాదం రికాబులోనే ఇరుక్కుపోవడం ఎక్కువ ప్రమాదమని స్వారీ తెలిసినవారెవరైనా చెబుతారు. పడినవాడు నేల మీద ఆగిపోతాడు, ఇరుక్కున్నవాణ్ణి బెదిరిన గుర్రం తనతోపాటు ఈడ్చుకుపోతుంది. జీనుకు రెండు పక్కలా తోలుపట్టీతో వేలాడుతూ రౌతు పాదానికి ఆధారమిచ్చే ఇనుప చట్రమే రికాబు. స్వారీకి ఏ జోడు తొడగాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మోకాలిదాకా నిగనిగలాడే బూట్లు, వాటి వెల, వాటి దర్జా ముందుగా చర్చకు వస్తాయి గానీ, పాదం ఆ చట్రంలోకి ఎంతవరకు పోవాలి, ఆపద వేళ ఎంత తేలికగా వెలుపలికి రావాలి అన్న అసలు లెక్క వెనకబడుతుంది. ఆ లెక్క తేలడానికి కావలసిన ఖర్చు చాలా స్వల్పం. కరీంనగర్ బజారులో కూర్చున్న ఒక మంచి మోచి చేతిలో అది తేలిపోతుంది.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు హైదరాబాదులోని మలక్‌పేట రేసుకోర్సు వంటిది లేదు. ఇక్కడ గుర్రం పెళ్ళి బరాత్‌లో కనిపిస్తుంది, సరదా కొద్దీ ఒకటి రెండు గుర్రాలు పెంచేవారి తోటల్లో కనిపిస్తుంది. ఆదిలాబాద్ సరిహద్దు దాటితే వచ్చే నాందేడ్ జిల్లాలో, లోహా తాలూకా మాళెగావ్‌లో ఏటా చలికాలం జరిగే ఖండోబా జాతర గుర్రాల సంతకు పేరుపడింది. తెలంగాణ వారు ఓదెలలోనూ కొమురవెల్లిలోనూ మల్లన్నగా కొలిచే దేవుడే అక్కడ ఖండోబా కాబట్టి, భక్తికీ బేరానికీ ఒకే ప్రయాణం సరిపోతుంది. అలాంటి సంతలో గుర్రం కొనేవారు దాని సుడులు, పళ్ళు, నడక, జీను, కళ్ళెం గంటల తరబడి పరీక్షిస్తారే తప్ప, తాము ఎక్కబోయే కాలికి ఏముందో చూసుకోరు. ఎక్కువమంది కాలికి ఉండేది హవాయి చెప్పులే.

చెప్పులతోనో వట్టికాళ్ళతోనో గుర్రమెక్కడం ఈ దేశంలో అనాదిగా ఉన్నదే. సాంచీ స్తూపం శిల్పాల్లో, అంటే సుమారు క్రీ.పూ. 2, 1 శతాబ్దాల నాటికే, రౌతులు కాలి బొటనవేలిని మాత్రమే దూర్చే చిన్న ఉచ్చును రికాబుగా వాడినట్టు కనిపిస్తుంది. వేడి దేశంలో వట్టిపాదానికి అది తగిన ఏర్పాటు, ఎందుకంటే వేలు మాత్రమే దూరే ఉచ్చులో పాదం మొత్తం చిక్కుకునే అవకాశం లేదు. పాదమంతా ఆనే పెద్ద రికాబులు క్రీ.శ. 4వ శతాబ్దానికి చైనాలో జంటగా స్థిరపడి అక్కడి నుంచి లోకమంతా వ్యాపించిన తరువాతనే పాదం ముందుకు జారిపోవడమనే సమస్య తలెత్తింది, దానికి విరుగుడుగా జోడుకు హీలు, అనగా మడమ కింద ఎత్తుగా నిలిచే దిమ్మ, అవసరమైంది. పారశీక ఆశ్వికులు తొడిగిన ఆ హీలు 17వ శతాబ్దంలో యూరప్ దర్బారులకు చేరి కేవలం సోకుగా మారిందని దుస్తుల చరిత్ర రాసినవారు చెబుతారు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో హీల్స్ మీద తడబడే వారికి ఆ దిమ్మ గుర్రపుశాల నుంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదేమో.

హీలు చేసే పని చాలా సూటిగా ఉంటుంది. పాదం ముందుభాగం, అంటే వేళ్ళ వెనక ఉబ్బుగా ఉండే చోటు, రికాబు అడుగుకమ్మీ మీద ఆనాలి, మడమ కొద్దిగా కిందికి దిగి ఉండాలి. గుర్రం ఉలిక్కిపడి పాదం ముందుకు జారినా, దాదాపు ఒక అంగుళం ఎత్తున్న హీలు కమ్మీకి తగిలి అక్కడే నిలిచిపోతుంది. హీలు ముందు అంచు నిటారుగా, మొనదేలి ఉండాలి. వాలుగా అరిగిపోయిన హీలు పేరుకు ఉన్నా పనికి లేనట్టే. ఇక అడుగు, అంటే సోలు, మరీ జారకూడదు, మరీ పట్టకూడదు. పొలంలోనో కొండమీదో నడవడానికి వేసే లోతైన గాళ్ళ రబ్బరు సోలు రికాబు కమ్మీని పళ్ళతో కరిచినట్టు పట్టుకుంటుంది, ఆదిలాబాద్ నల్లరేగడిలో రెండడుగులు నడిచి ఎక్కితే ఆ గాళ్ళ నిండా మట్టి కూరుకుని సోలు మందం పెరుగుతుంది కూడా. తోలు సోలు గాని, సన్నని గీతలున్న రబ్బరు సోలు గాని మేలు. మూడవది వెడల్పు: జోడు అత్యంత వెడల్పైన చోటుకూ రికాబు లోపలి వెడల్పుకూ మధ్య రెండు పక్కలా కలిపి సుమారు ఒక అంగుళం ఖాళీ మిగలాలి, అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల సోలుకు పన్నెండు సెంటీమీటర్ల రికాబు. అంతకంటే ఇరుకైతే పాదం పట్టుకుపోతుంది. మరీ వదులైతే మడమతో సహా అవతలికి దూరిపోతుంది. పెద్దల జీను మీద పిల్లలను కూర్చోబెట్టినప్పుడు జరిగేది ఇదే, అక్కడ ఎంత మంచి బూటు తొడిగినా రికాబు మార్చనిదే లాభం లేదు.

ఈ మూడు కొలతలతో ఊళ్ళో దొరికే జోళ్ళను చూస్తే చాలావరకు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. హవాయి చెప్పుకు హీలు లేదు, అది పాదాన్ని వదిలేసి రికాబులో అడ్డం తిరుగుతుంది. స్పోర్ట్స్ షూ అడుగు వెడల్పుగా పక్కలకు పొంగి ఉంటుంది, దాని లేసు ముడి ఊడి వేలాడితే రికాబుకు చుట్టుకోవడానికి ఒక్క కుదుపు చాలు. వరినాట్ల కాలంలో తొడిగే గమ్‌బూటు వెల తక్కువే, పిక్కను కూడా కాపాడుతుంది, కానీ దాని ముందుభాగం లావు, గాళ్ళు లోతు. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి వంటి సింగరేణి పట్టణాల్లో గని కార్మికులు వాడే రకం సేఫ్టీ బూట్లు గట్టిగా, చవకగా దొరుకుతాయి, గుర్రం కాలు తొక్కినా బూటు ముక్కులోని ఇనుప టోపీ కాపాడుతుందన్న ఆశతో వాటిని కొనేవారూ ఉంటారు. చిన్న దక్కనీ తట్టువ కూడా రెండు వందల కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి ఆ భయం నిరాధారం కాదు. అయినా ఆ టోపీ వల్లనే బూటు ముక్కు ఉబ్బి రికాబులో బిగుసుకునే ప్రమాదం ఉంది. గుర్రం పక్కన ఎక్కడ నిలబడాలో నేర్చుకోవడం ఇనుము కంటే మెరుగైన రక్షణ. ఆశ్చర్యంగా అనిపించినా, బడి పిల్లల నల్ల తోలు బూటు వీటన్నిటికంటే ఈ పనికి దగ్గరగా ఉంటుంది: సన్నని ముక్కు, చిన్నదైనా నిజమైన హీలు, గాళ్ళు లేని అడుగు. చీలమండను కప్పదన్నదే దాని లోపం.

ఆ లోపం లేని నమూనా జోధ్‌పూర్ బూటు. చీలమండ దాకా వచ్చి, లేసులు లేకుండా ఒక పట్టీతో బిగిసే ఈ పొట్టి బూటు, రాజస్థాన్ సంస్థానపు పేరు మోసే స్వారీ పంట్లాంతోపాటు ప్రచారంలోకి వచ్చింది. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి వెళ్ళిన సర్ ప్రతాప్ సింగ్ బృందం ఆ పంట్లాంను ఇంగ్లండుకు పరిచయం చేసిందని చెబుతారు. నేడు జీను సామానుకు ప్రసిద్ధమైన కాన్పూర్‌లో ఇలాంటి బూట్లు ఎగుమతికి తయారవుతాయి, దిగుమతి సరుకు వెలతో పోలిస్తే వాటి వెల తక్కువే. మోకాలిదాకా వచ్చే బూటు లేకపోతే రికాబు పట్టీ పిక్కను నలుపుతుందన్న ఫిర్యాదుకు గట్టి గుడ్డపట్టీలు గాని, పిక్కకు చుట్టి పక్కన బిగించుకునే తోలు తొడుగు గాని సరిపోతాయి.

ఉన్న బూటును స్వారీకి మలచడం ఇంకా చవక, ఇక్కడే మోచి పనితనం చూడదగినది. పాత హీలును పీకేసి, తోలు ముక్కలను పొర మీద పొరగా అంటించి, చిన్న మేకులు దిగ్గొట్టి, ఆరిన తరువాత అంచును రంపెతో, అంటే తోలు చెక్కే వెడల్పాటి కత్తితో, నిలువుగా చెక్కి మైనం రుద్దుతారు. వేలితో తడిమితే మేకు తల తగలకూడదు, తగిలితే ఇనుప కమ్మీ మీద హీలు జారుతుంది. అడుగును మధ్యలో చేత్తో వంచి చూడటం కొనేవాడు చేయవలసిన పరీక్ష: పాదం గుంటకింద షాంక్ అనే సన్నని ఉక్కు బద్ద ఉంటే అది వంగదు, లేకుంటే అరగంట స్వారీకే కమ్మీ అరికాలిని కోస్తుంది. ఆ బద్దను కూడా మోచి పొరల మధ్య దూర్చి, ఆరెతో రంధ్రాలు పొడిచి, చుట్టూ కుట్టగలడు.

ఈ నైపుణ్యం నిన్న మొన్నటిది కాదు. లందలో, అంటే తోలు ఊనే గుంతలో, తంగేడు చెక్కతో పదును చేసిన తోలుతో కుట్టిన కిర్రుచెప్పులు ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో గొప్పగా వినిపించేవి. వాటిని కుట్టిన మాదిగలే వెట్టి కింద దొరలకు చెప్పులు, మోట తోలు ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు సామాన్యులు చెప్పులు విడిచి చేతబట్టుకోవలసి వచ్చింది, గుర్రం మీద జోడుతో పోయే హక్కు దొరదే. 1978 నాటి జగిత్యాల, సిరిసిల్ల రైతుకూలీ పోరాటాలు ఎదిరించిన దొరతనంలో ఆ వెట్టి ఒక భాగం. కాబట్టి స్వారీ జోడు చవకగా రావాలనేవారు, ఆ చవక మోచి కూలిలో కోతగా మారకుండా చూడటం న్యాయం. రెండు హీళ్ళకు అడిగినంత ఇచ్చినా దిగుమతి బూటు వెలలో అది ఏ మూలకూ రాదు. మిగిలిన డబ్బు హెల్మెట్‌కు పోవాలి. బూటు పాతదైనా ఫరవాలేదు, ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మాత్రం మళ్ళీ నమ్మకూడదు.

అన్నిటికంటే చిక్కు సమస్య పెళ్ళికొడుకుది. జీవితంలో ఒక్కసారి గుర్రమెక్కే ఆ మనిషి కాలికి మొన వంగిన, నునుపైన, హీలు లేని మోజరీ ఉంటుంది, చుట్టూ టపాకాయలు, డీజే మోత ఉంటాయి, రికాబు కొలత ఆ రోజు ఎవరికీ పట్టదు. మోజరీ మార్చమంటే పెళ్ళివారు ఒప్పుకోరు. అందుకు బరాత్ గుర్రాలు నడిపేవారు చేసుకోగల ఏర్పాటు ఒకటుంది: రికాబు ముందువైపు మూసేటట్టు మందపాటి తోలుతో ఒక టోపీ కుట్టించి బిగిస్తే, ఏ జోడు తొడిగినా పాదం వేళ్ళ దగ్గరే ఆగుతుంది. ఒకసారి కుట్టిస్తే ఆ జీను మీద ఎక్కే ప్రతి వరుడికీ అదే పనికొస్తుంది. పైన జరీ అద్దితే పెళ్ళివారూ కాదనరు.