ఇరవయ్యో వంతు నావ

మురమళ్ళ వీరేశ్వరుడి నిత్యకల్యాణం చేయించుకుని వృద్ధగౌతమి ఒడ్డుకు వస్తే కనిపించేవి ఇంజను పడవలే. తెరచాప నావ చూడాలంటే ఎవరింట్లోనో అద్దాల బీరువాలో బొమ్మే దిక్కు. ఆ బొమ్మలతో నాకు పేచీ ఉంది. తెరచాప ఘనంగా ఉంటుంది, అడుగు మాత్రం చేసినవాడి ఇష్టం. నావ తెలివంతా ఉన్నది అడుగులోనే.

ఏటి మొగలో ఇసుక మేటలు, పోటుకీ ఆటుకీ లోతు మారే పాయలు, బురద. అందుకే కాకినాడ, కోరంగి వైపు చేపల నావకు అడుగు బల్లపరుపు. కొద్ది నీటిలోనే తేలుతుంది, నీరు తీస్తే ఒరిగిపోకుండా బురదలో కూర్చుంటుంది. దానికి బదులుగా అడ్డగాలికి పక్కకు జారుతుంది. ఆ జారుడును చుక్కాని పట్టినవాడు చూసుకోవాలి.

నమూనా పని కొలతతో మొదలవుతుంది. ఒడ్డుకు లాగిన నావకు మధ్యగా తాడు బిగించి, అడుగు దూరానికో చోట తూకం గుండు వేలాడదీసి, అక్కడి వెడల్పూ ఎత్తూ రాసుకోవాలి. ఒక పక్క కొలిచి రెండో పక్క అదే అనుకోకూడదు. కంటి అంచనాతో కట్టిన పడవకు రెండు పక్కలూ అచ్చుగుద్దినట్టు ఉండవు.

తొమ్మిది మీటర్ల నావ ఇరవయ్యో వంతులో 45 సెంటీమీటర్లు. పాతిక మిల్లీమీటర్ల పలక ఒకటింబావుకు దిగుతుంది. టేకు నావకు టేకే వాడదామంటే చిక్కు: నమూనాతో పాటు చెక్క ఈనె చిన్నది కాదుగా! సన్న ఈనె ఉన్న చెక్కే నయం. పలకను వేన్నీళ్ళలో నానబెట్టి వంచవచ్చు కానీ వెడల్పు దిక్కుగా అది వంగదు. ముందు కాగితం అద్ది ఆకారం తీసుకుని, ఆ ప్రకారం కోయాలి. తెరచాపకు పాత మల్లు పంచె గుడ్డ చాలు, కొత్త గుడ్డ అట్టలా నిలబడుతుంది.

దీన్ని నీళ్ళలో వదలాలన్న సరదా కలిగితే లెక్క చూసుకోవాలి. తెరచాప వైశాల్యం నాలుగు వందలో వంతు, బరువు ఎనిమిది వేలో వంతు. గాలి మాత్రం అదే గాలి. తిరగదోసే బలానికి ఎదురు నిలిచే శక్తి ఇరవై రెట్లు తగ్గిపోతుంది. పిల్లలు చెరువులో వదిలిన తెరచాప పడవ బోల్తా కొట్టేది ఇందుకే. అడుగున సీసం కట్టాలి, లేదా బీరువాలోనే ఉంచాలి.

1830లో లా ఫావొరీత్ అనే ఫ్రెంచి ఓడ మీద ఈ తీరానికి వచ్చిన ఎద్మోం పారి, వెళ్ళిన రేవుల్లో పడవలను కొలిచి గీశాడు. 1840ల్లో అచ్చయిన అతని పుస్తకంలో కోరంగి దోనె కూడా ఉంది. అది చేపల పడవ కాదు, సరుకులది. 1871లో పారిస్ లూవ్ర్‌లోని నౌకా ప్రదర్శనశాల బాధ్యత చేపట్టాక, తన గీతల నుంచి నమూనాలు చేయించాడు. దోనె కట్టినవాళ్ళు కాగితం ముట్టలేదు, అందుకే ఆ పరాయివాడి అంకెలకు అంత విలువ. చేపల నావను అలా కొలిచి రాసే పని ఇప్పుడైనా చేయవచ్చు. ముసలి వడ్రంగి దగ్గర కూర్చుని పొడవూ వెడల్పూ అడిగితే సరిపోదు, ముందు ఏ పలక బిగిస్తాడో, సందుల్లో ఏం కూరి గుగ్గిలం పూస్తాడో వరసగా రాసుకోవాలి.