ఖాళీ గడి

జనవరిలో మిషిగన్‌లో గ్యాస్ నిల్వ బావి దగ్గరికి వెళ్ళేటప్పుడు జేబులో పెన్సిలే పెట్టుకునేవాణ్ణి. పెన్నయితే ఆ చలికి సిరా గడ్డకట్టి గీత పడదు. వ్యాను దిగి మోకాలి లోతు మంచులో కొంతదూరం నడిస్తే కంచె, కంచె లోపల వెల్‌హెడ్, అంటే బావి నోటి మీద బిగించిన ఉక్కు అమరిక. దాని పక్కకు పొడుచుకొచ్చిన చిన్న పైపు మీద అరచేయంత గేజీ ఉంటుంది. అద్దం మీద పేరుకున్న మంచు బొటనవేలితో తుడవాలి. వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, ముల్లు కదిలి మళ్ళీ నిలబడేదాకా ఆగాలి. అప్పుడు చదవాలి. తట్టకుండా చదివితే బిగుసుకుపోయిన ముల్లు ఒక్కోసారి పాత అంకెనే చూపిస్తుంది. ఒక రోజు 38 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). గడిలో 38 రాసి, పక్కన టైము వేశాను. మొత్తం మూడు నిమిషాల పని.

ఆ అంకె ఎక్కడిదో చెప్పాలి. బావి అంటే నేలలోకి దించిన ఒక్క గొట్టం కాదు. ఒకదాంట్లో ఒకటి దించిన ఉక్కు గొట్టాలు. గ్యాస్ నడిచేది లోపలి గొట్టంలో. దానికీ బయటి గొట్టానికీ మధ్య ఉన్న సందులో ఎంత ఒత్తిడి ఉందో గేజీ చెబుతుంది. ఈ వారం 38, వచ్చే వారం 41 అయితే ఎండకో చలికో అటూ ఇటూ అయిందనుకుంటాం. నెల తిరిగేసరికి 60, ఆపైన 110 అయితే లోపలి గొట్టం ఎక్కడో గ్యాస్‌ను వదిలేస్తోందని అనుమానించాలి. ఒంటరిగా నిలబెడితే 38కి ఏ అర్థమూ లేదు. దాని పక్కన పోయిన వారం అంకె, పోయిన ఏడాది ఇదే వారం అంకె ఉంటేనే అది మాట్లాడుతుంది. వేల అడుగుల కింద ఏం జరుగుతోందో మేం కంటితో చూడలేం. మాకు ఉన్న కన్ను ఆ అంకెల వరసే.

ఇక్కడ గ్యాస్ నిల్వ పద్ధతి మన పూర్వులు ధాన్యం పాతరేసుకున్నట్టే ఉంటుంది. ఒకప్పుడు చమురో గ్యాసో తీసి ఖాళీ అయిన పొరల్లోకి వేసవిలో గ్యాస్ ఎక్కిస్తారు, చలికాలం ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి తీస్తారు. కొంత గ్యాస్‌ను మాత్రం ఎప్పటికీ తీయరు. ఒత్తిడి నిలబెట్టడానికి అది కిందే ఉండాలి, దాన్ని కుషన్ గ్యాస్ అంటాం. అమెరికాలో భూగర్భ గ్యాస్ నిల్వలు అన్ని రకాలూ కలిపి దాదాపు 400 ఉన్నాయి, సామర్థ్యంలో మిషిగన్‌దే మొదటి స్థానం. మన విశాఖలోనూ కొండరాతి లోపల 60,000 టన్నుల వంటగ్యాస్ పట్టే గుహ ఉంది. అందులో గ్యాస్‌ను పట్టి ఉంచేది చుట్టూ రాతి పగుళ్ళలో ఉన్న నీటి ఒత్తిడి. కాబట్టి అక్కడివాళ్ళ పుస్తకంలో నీటి మట్టానికి పెద్దపీట. మా దగ్గర రాయి కోట్ల ఏళ్ళు గ్యాస్‌ను దాచిందే, దాని మీద నాకు భయం లేదు. ఆ రాతికి మనం పెట్టిన చిల్లుల మీదే నా బెంగంతా.

ఉద్యోగంలో చేరిన రెండో చలికాలం ఒక తప్పు చేశాను. మంచు తుఫాను, దారి మూసేశారు. చివరి నాలుగు బావుల దగ్గరికి వెళ్ళలేదు. పోయిన వారం అంకెలే మక్కికి మక్కి దించేసి షీటు ఇచ్చేశాను. మా సూపర్‌వైజర్ షీటు చూశాడు, బయట మంచు చూశాడు. ఏమీ అనకుండా ఇనప బీరువా తెరిచి పాత కార్డొకటి తీసి నా ముందు పెట్టాడు. 1961 నాటిది, అంచులు పసుపెక్కిపోయాయి. నిలువుగా అంకెలు, మధ్యలో ఒక గడి ఖాళీ. పక్కన సన్నటి చేతిరాతతో, మంచు వల్ల బావి దాకా పోలేకపోయానని ఒక వాక్యం. "ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కానీ ఈ కార్డులో మిగతా అంకెలన్నీ నమ్ముతాను. ఎందుకో తెలుసా?" అన్నాడు. నేను తలెత్తలేకపోయాను. నాలుగు అబద్ధపు అంకెలు రాసినందుకు ఆ ఏడాది నేను రాసిన నిజమైన అంకెలన్నిటికీ మచ్చ పడింది. ఏవి నిజమో, ఏవి కాకిలెక్కలో ఆయన ఇక ఎలా తేల్చుకుంటాడు?

ఆ రాత్రి మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన కోనసీమలో కాలువ మీద లస్కరు. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి లాకుల దగ్గర మెట్లు దిగి, నీళ్ళు గేజీ మీద ఏ గీత దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో వేసేవారు. చీకటి పడితే లాంతరు పట్టుకుని నేను వెంట వెళ్ళేవాణ్ణి. ఒక వరదకు గేజీ మొత్తం మునిగిపోయింది. "సుమారుగా ఒక అంకె వేసెయ్యవయ్యా" అన్నారు పైవాళ్ళు. నాన్నగారు "గేజీ మునిగింది" అనే రాశారు. అమ్మతో అన్న మాట నాకింకా వినపడుతుంది: "చూసింది రాస్తాం. చూడనిది ఎట్టా రాస్తామే?" ఆ మాట విని పెరిగినవాణ్ణి, మంచు పడ్డ ఒక్క రోజు దాన్ని మరిచిపోయాను. 1995 జనవరి 8న మా కోనసీమలోనే పాశర్లపూడి గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) 65 రోజులు మండినప్పుడు, రాత్రిళ్ళు ఎర్రబడ్డ ఆకాశం చూసి ఈ చదువు ఎంచుకున్నవాణ్ణి కూడా.

ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ మరిచిపోలేని బావి ఒకటుంది. లాస్ ఏంజెలిస్‌కు ఉత్తరాన, పోర్టర్ రాంచ్ ఇళ్ళ పైన కొండల్లో ఆలిసో కాన్యన్ నిల్వ. అక్కడ ఎస్‌ఎస్-25 అనే బావి. 1950లలో చమురు కోసం తవ్విన దాన్ని 1970లలో గ్యాస్ నిల్వకు మార్చారు. లోతులో ఉన్న భద్రతా వాల్వును 1979లో తీసేశారు, తిరిగి పెట్టలేదు. 2015 అక్టోబర్ 23న లీకు బయటపడింది. పైనుంచి బరువైన ద్రవం పంపి నొక్కేయాలని మళ్ళీ మళ్ళీ చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. చివరికి పక్కనుంచి ఇంకో బావి తవ్వి, కిందినుంచి అందుకుని, 2016 ఫిబ్రవరి 18న పూర్తిగా మూశారు. దాదాపు నాలుగు నెలల్లో గాలిలో కలిసిన మీథేన్ ఇంచుమించు లక్ష టన్నులు. తలనొప్పి, ముక్కుల్లో రక్తం అంటూ వేల కుటుంబాలు ఇళ్ళు వదిలి వెళ్ళాయి.

2019లో వచ్చిన దర్యాప్తు నివేదికను నేను పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివాను. ఏడంగుళాల గొట్టం 892 అడుగుల లోతున తెగింది. బయటివైపునుంచి భూగర్భజలం తగిలి, సూక్ష్మజీవుల చేతిలో ఉక్కు ఏళ్ళ తరబడి క్షీణించిపోయింది. మా బావుల్లోలా సందు ఒత్తిడి చూసి లీకు కనిపెట్టడానికి అక్కడ ఇంకో అడ్డు లేదు. గ్యాస్ ఆ ఏడంగుళాల గొట్టంలోంచి కూడా నడిచేది, అదే మొదటి గోడ, అదే ఆఖరి గోడ.

అలాగని అక్కడ తనిఖీలు లేవనుకోకూడదు. ఏటా బావిలోకి థర్మామీటరు దించి ఉష్ణోగ్రత సర్వే చేసేవారు. గ్యాస్ చిన్న చిల్లులోంచి బయటపడేటప్పుడు వ్యాకోచించి చల్లబడుతుంది, ఆ లోతున ఉష్ణోగ్రత గీత వంగుతుంది. మంచి పద్ధతే, మేమూ వాడతాం. కానీ ఆ గీత ఇప్పుడు కారుతోందా అన్న ప్రశ్నకే జవాబు చెబుతుంది. గొట్టం గోడ ఇంకా ఎంత మందం మిగిలింది అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే పరికరం దించాలి. లీకు బయటపడేదాకా ఎస్‌ఎస్-25లో దాన్ని ఎప్పుడూ దించలేదు. అంతకుముందు ఆ నిల్వలో అరవైకి పైగా గొట్టాల లీకులు జరిగితే, దేనికీ మూలకారణం వెతకలేదని నివేదిక రాసింది. లీకు, మరమ్మతు, ఫైలు. మళ్ళీ లీకు, మళ్ళీ ఫైలు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో సంగతి. 1988లో అదే సంస్థలో ఎవరో, పాత బావుల గొట్టాలను పరికరంతో పరీక్షించాలని 20 బావుల జాబితా తయారుచేశారు. ఎస్‌ఎస్-25 అందులో ఉంది. ఏడు బావులు పరీక్షించారు, అంతటితో ఆగిపోయారు. మిగతా వాటిలో ఎస్‌ఎస్-25 ఒకటి. ఎవరో సరైన మాట సరైన కాలంలో రాశారు. ఆ కాగితం 27 ఏళ్ళు ఉంది, అడిగినవాళ్ళు లేరు. ఆ జాబితా రాసిన చేతి గురించి నేను తరచూ ఆలోచిస్తాను. నా సొంత ఫైళ్ళలో అలా సగంలో ఆగిన జాబితాలు మూడు దొరికాయి. ఆ ఏడాది వాటినే ముందు పూర్తిచేయించాను.

రాయకపోతే ఏమవుతుందో కాన్సస్‌లోని హచిన్‌సన్ చూపించింది. ఊరికి ఏడెనిమిది మైళ్ళ దూరంలో, ఉప్పు పొరను నీటితో కరిగించి చేసిన గుహల్లో గ్యాస్ నిల్వ. ఒక బావి గొట్టం 595 అడుగుల లోతున దెబ్బతిని ఉంది. గ్యాస్ సన్నని రాతి పొరల వెంట ఊరి కిందికి నడిచి వచ్చింది. పైకి దారి దొరికింది పాత ఉప్పునీటి బావుల్లో. పూర్వం ఉప్పు తీసిన మనుషులు తవ్వుకుని వదిలేసిన ఆ బావుల్లో చాలావాటి ఆనవాలు ఏ కాగితం మీదా లేదు, పైన ఊరు లేచింది. 2001 జనవరి 17న ఊరి నడిబొడ్డున పేలుడు. మర్నాడు మొబైల్ హోమ్ పార్కులో ఇంకొకటి, అక్కడ ఇద్దరు చనిపోయారు. తమ ఇంటి కింద బావి ఉందని వాళ్ళకు తెలిసే దారే లేదు.

ఆలిసో కాన్యన్ తర్వాతే, ఈ నిల్వల్లో భూమి కింది భాగానికి దేశమంతటికీ వర్తించే కేంద్ర నిబంధనలు వచ్చాయి, 2016 డిసెంబర్‌లో తొలి రూపం, 2020లో తుది రూపం. అంతకుముందు ఏ రాష్ట్రం దారి దానిది. ఇప్పుడు ప్రతి బావికీ ముప్పు అంచనా కట్టాలి, మొదటి విడత 40 శాతం 2024 మార్చి 13కి, మొత్తం 2027 మార్చి 13కి. ఆ తర్వాత ఏడేళ్ళు దాటకుండా మళ్ళీ. పని పద్ధతుల పుస్తకాన్ని ఏటా ఒకసారి, 15 నెలలు మించకుండా సమీక్షించి సవరించుకోవాలి. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు మొదట బావి దగ్గరికి వెళ్ళరు, కాగితాల దగ్గర కూర్చుంటారు. ఏదో ఒక బావి నంబరు చెప్పి, దాని పుట్టుక నుంచి ఇవాళ్టి దాకా చూపించమంటారు. నాకు అది ఇష్టమైన ఘడియ.

పోయిన ఏడాది మా దగ్గర కాగితం షీట్లు పోయి ట్యాబ్లెట్ వచ్చింది. మొదటి వారమే ఒక ఇబ్బంది ఎదురైంది. ఒత్తిడి గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు పోదు, ఎర్రగా వెలుగుతుంది. అంకె వేస్తే తప్ప వదలదు. అంటే చూడనివాడి చేత కూడా ఆ యంత్రం అంకె రాయిస్తుంది. ఆ పాత కార్డు ఫొటో తీసి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు పంపాను. 'చదవలేదు' అనే బటన్ కావాలని, అది నొక్కితే కారణం రాయమని అడగాలని పట్టుబట్టాను. గడులు నిండకపోతే నివేదికలో శాతం తగ్గుతుందని మా ఆఫీసులోనే అభ్యంతరం వచ్చింది. తగ్గనివ్వండి, తగ్గినచోటికి మనిషిని పంపుదాం అన్నాను. రెండు నెలలు మాటలు నడిచాక బటన్ పెట్టారు.

దాన్ని మొదట నొక్కింది కొత్తగా చేరిన కుర్రాడు, మార్చిలో, పన్నెండో నంబరు బావి దగ్గర. కారణం కింద "గేజీ అద్దం పగిలింది, ముల్లు వంగింది" అని రాశాడు. మర్నాడు పొద్దున్నే కొత్త గేజీ పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. పాతది విప్పి, కొత్తది బిగించి, సబ్బునీళ్ళు పోసి బుడగలు రావడం లేదని చూశాం. కణుపుతో రెండుసార్లు తట్టి పక్కకు జరిగాను. వాడు వంగి, చదివి, ట్యాబ్లెట్‌లో 44 వేశాడు.