పుస్తకం లేని వాఙ్మయం

వాక్కుతో నిండినది వాఙ్మయం. ఆ మాటలో లిపి ప్రసక్తి లేదు. కాగితం ప్రసక్తి అంతకన్నా లేదు. అయినప్పటికీ మన సాహిత్యచరిత్రలు గ్రంథస్థమైన దానితో ప్రారంభమై గ్రంథస్థమైన దానితోనే ముగుస్తాయి. గ్రంథానికి ఎక్కని దానికి జానపదమని పేరు పెట్టి, చివర ఒక ప్రకరణం కేటాయించి, దానితో ఋణం తీరిందని తలుస్తాము. ఈ అలవాటు వల్ల మన కళ్ళయెదుటనే జరిగిన ఒక విశేషాన్ని మనం గుర్తించలేకపోయాము. ఇరవయ్యో శతాబ్దపు చివరి ఇరవై సంవత్సరాలలో మౌఖిక వాఙ్మయానికి ఈ దేశంలో ఒక కొత్త ప్రచురణమార్గం ఏర్పడింది, అది కాసెట్టు. ఆ ప్రచురణకు ఒక విపణి, ఒక భాండాగారం, ఒక విధమైన విమర్శపీఠం కూడా ఏర్పడ్డాయి; ఆ మూడూ కలిసినదే బజారులోని పాటల దుకాణం. ఆ దుకాణం నేడు దాదాపు అంతరించింది. అది వర్తకులకు సంబంధించిన వార్త అని సాహితీపరులు ఊరుకున్నారు. అది సాహిత్యానికి కలిగిన నష్టమని నా అభిప్రాయం. ఇందుకు నేను ఎరిగిన ఒక ఊరిని, ఒక దుకాణాన్ని ఉదాహరణగా తీసుకొంటాను.

ఆ ఊరు సచిన్. సూరతుకు దక్షిణాన, బొంబాయి వెళ్ళే రైలుమార్గం మీద, భేస్తాన్ దాటగానే వచ్చే స్టేషను. ఒకప్పుడు అది ఆఫ్రికా సంతతివారైన సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. 1948లో బొంబాయి రాష్ట్రంలో విలీనమై, 1960లో గుజరాతులో భాగమై, 2020లో సూరతు నగరపాలక సంస్థలో కలిసింది. నేడు సచిన్ అనగానే స్ఫురించేది పారిశ్రామికవాడ, అందులోని మరమగ్గాలు, అద్దకపు మిల్లులు. వాటిలో పనిచేసేవారు ఒడిశాలోని గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహారు నుంచి, ఖాందేశ్ నుంచి వచ్చినవారు. వారితోపాటు వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ ప్రాంతాల నేతకుటుంబాలు సూరతుకు వలస వచ్చి, రెండు మూడు తరాలుగా అక్కడనే స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతూ వచ్చింది. మరమగ్గాన్ని సాంచా అనటం వారి వాడుక. ఆ సాంచాల చప్పుడులోనే వారి తెలుగు నిలిచి ఉంది.

శబ్దం ఎంత సులభంగా నశిస్తుందో తెలుసుకోవటానికి సచిన్ చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. 1926లో ‘బుల్‌బులే పరిస్తాన్’ తీసి, భారతదేశంలో చిత్రదర్శకత్వం వహించిన తొలి మహిళగా పేరుపొందిన ఫాత్మా బేగం జీవితం సచిన్ నవాబుతో ముడిపడినది. ఆమె కుమార్తె జుబేదా నవాబు సంతానమని ప్రసిద్ధి. ఆ జుబేదాయే 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో విడుదలైన తొలి భారతీయ శబ్దచిత్రం ‘ఆలం ఆరా’లో కథానాయిక. ఆ చిత్రాన్ని తీసిన అర్దేషిర్ ఇరానీయే తెలుగువారి ‘భక్త ప్రహ్లాద’కు నిర్మాత, హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వంలో తయారైన ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఈ మూడు చిత్రాలలో ఒక్కదాని ప్రతి కూడా నేడు లభ్యం కాదు. జుబేదా కంఠం ఆ తొలి చిత్రంలో ఎట్లా పలికిందో చెప్పగలిగినవారు లేరు. మనకు మిగిలినవి నిశ్చలచిత్రాలు, ప్రకటనలు, సమకాలికుల వ్రాతలు మాత్రమే. శబ్దాన్ని పట్టి ఉంచటం వేరు, దానిని కాపాడటం వేరు అనే పాఠం అది. ఆ పాఠాన్ని మనం నేర్చుకోలేదు.

ఇక దుకాణం సంగతి. 1996లో ఒక బంధువు ఇంట పెళ్ళికి వెళ్ళినప్పుడు నేను దానిని మొదట చూశాను. స్టేషను నుంచి బజారుకు పోయే దారిలో, ఒక టీకొట్టు పక్కన, నాలుగడుగుల వెడల్పు గది. యజమాని మునుపు సాంచాల మీద పనిచేసి, చెవులు మందగించటం వల్ల ఆ పని మానుకున్నాడని చెప్పారు. చెవులు మందగించినవాడు పాటల దుకాణం పెట్టటం వింతగా తోచింది. కాని ఆ గోడలకు ఉన్న బల్లలు చూసిన తర్వాత ఆ వింత మరచిపోయాను. పైవరుసలో హిందీ సినిమా పాటలు. వాటి కింద ఒడియా భజనలు, భోజ్‌పురి బిరహాలు, ఖాందేశీ పాటలు. ఆ కింద తెలుగు: ఘంటసాల పాడిన భగవద్గీత, హరిశ్చంద్ర నాటకపద్యాలు, బుర్రకథలు, ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు. భారతీయ సాహిత్యాన్ని ఒక్కచోట చూపాలని మన జాతీయ సంస్థలు అనేక సంపుటాలు వెలువరించాయి. గంజాం కూలీని, గోరఖ్‌పూర్ కూలీని, సిరిసిల్ల కూలీని పక్కపక్కన నిలబెట్టిన సంపుటం మాత్రం నేను ఆ గోడ మీదనే చూశాను.

అంతకన్నా నన్ను ఆకర్షించినది ఆయన బేరం చేసే పద్ధతి. మల్లన్న కథ కావాలని ఒక యువకుడు అడిగాడు. ఆయన కాసెట్టు తీయలేదు. “మీది ఏ ఊరన్నా?” అని అడిగాడు. జనగామ దగ్గర అని చెప్పగానే ఒక పెట్టె తీసి ఇచ్చాడు. తర్వాత వచ్చినవాడు వేములవాడ వైపువాడు. అతనికి అదే కథ మరొక కథకుడు చెప్పినది ఇచ్చాడు. నేను కారణం అడిగితే, “ఒకరి కథ ఒకరికి ఎక్కదు. పేర్లు మారుతయి, నడక మారుతది. ఇంటికాడ విన్నట్టు లేకపోతే తెల్లారి వాపసు తెస్తరు” అన్నాడు.

ఈ మాటను మన పండితుల పరిభాషలోకి మారిస్తే అది పాఠాంతర విచారణ అవుతుంది. ఒక కావ్యానికి తాళపత్రప్రతులను పోల్చి, ఏ ప్రతి ఏ ప్రాంతానిదో నిర్ణయించటానికి పరిష్కర్తలు జీవితాలు ధారపోశారు. ఒగ్గుకథకు అట్టి పరిష్కర్తలు ఎందరు? మిద్దె రాములు, చుక్క సత్తయ్య వంటి ప్రసిద్ధులను విద్వాంసులు గౌరవించారు. పేరు పైకి రాని కథకులు చెప్పిన పాఠాలను ప్రాంతాలవారీగా ఎరిగినది ఆ దుకాణదారు. ఏ పాఠం ఎవరిది, ఎవరికి చెల్లుతుంది అని నిర్ణయించటమే కదా విమర్శలో మొదటి మెట్టు! ఆ మెట్టు ఆయన ప్రతిదినమూ ఎక్కుతూ ఉండేవాడు.

ఇట్టి దుకాణం ఎట్లా సాధ్యమైంది, ఎట్లా అసాధ్యమైంది? గ్రామఫోను రికార్డు తయారుచేయటం పెద్ద పెట్టుబడితో కూడిన పని. డమ్‌డమ్ కర్మాగారంలో అచ్చయ్యే రికార్డు ఎక్కడెక్కడనో వేల ప్రతులు అమ్ముడుపోవాలి. కాబట్టి ఒక జిల్లాకు మాత్రమే చెందిన కథకు అందులో చోటు దొరకటం కష్టం. ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన కాసెట్టు ఈ స్థితిని మార్చింది. ఎనభయ్యో దశకంలో అది మన పల్లెలకు చేరింది. చిన్న గది, ఒకటి రెండు ప్రతులు తీసే యంత్రాలు ఉంటే ఎవరైనా ప్రచురణకర్త కావచ్చు. 1983లో ప్రారంభమైన సూపర్ కాసెట్స్ వంటి పెద్ద సంస్థలు ధరను తగ్గించగా, ఊరూరా చిన్న సంస్థలు స్థానిక భాషను అమ్మాయి. ఉత్తరాదిలో ఈ మార్పును పీటర్ మాన్యుయెల్ 1993లో ఒక గ్రంథంగా వ్రాశారు. తెలుగులో ఆ పని అంత విపులంగా జరిగినట్లు నేను ఎరుగను.

పతనం కూడా అంత వేగంగానే వచ్చింది. శతాబ్దం మారే వేళకు వీసీడీలు వచ్చి, పాటతోపాటు బొమ్మ కూడా అమ్మటం మొదలైంది. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ సంస్థ సినిమా వీసీడీని 28 రూపాయలకే అమ్మింది. ఆ ధరకు చిన్న వర్తకుడికి మిగిలేది ఏముంటుంది? తర్వాత ఫోనులోని మెమరీ కార్డులో వందల పాటలు ఎక్కించి ఇచ్చే బల్లలు వెలిశాయి. 2016 ఫిబ్రవరిలో బొంబాయి కాలాఘోడాలోని రిథమ్ హౌస్ మూతబడింది. అదే సంవత్సరం సెప్టెంబరులో జియో వచ్చి అంతర్జాలాన్ని అతిచవుక చేసింది. రిథమ్ హౌస్ కోసం పత్రికలు సంపాదకీయాలంతటి వ్యాసాలు వ్రాశాయి. సచిన్ దుకాణం ఎప్పుడు మూతబడిందో నాకు కూడా తెలియదు. 2011లో వెళ్ళినప్పుడు అక్కడ ఫోను తొడుగులు అమ్ముతున్నారు.

ఇందుకు ఒక ఆక్షేపణ ఉంది. దానిని తేలికగా తోసివేయరాదు. దుకాణం పోతే పోయింది, కథలన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి కదా, పైసా ఖర్చు లేకుండా వినవచ్చు కదా అంటారు. నిజమే. కొత్త కథకులు మధ్యవర్తి లేకుండానే వేలమంది శ్రోతలను పొందుతున్నారు. పాత కాసెట్లను ఓపికతో యూట్యూబులో ఉంచుతున్న అభిమానులకు మనం ఋణపడి ఉన్నాము. దుకాణం కూడా ధర్మక్షేత్రం కాదు. అక్కడ అమ్ముడైన వాటిలో దొంగప్రతులు ఎన్నో ఉండేవి. కథకుడికి ఒకసారి ఇచ్చిన చిన్న మొత్తమే ప్రతిఫలం. ఎన్ని ప్రతులు పోయినా అతనికి మరి దక్కేది కాదు. చవుకబారు పాటకే ముందువరుస దక్కేది. ఈ దోషాలను మరచి దుకాణాన్ని కీర్తించటం విమర్శ అనిపించుకోదు.

అయితే దొరకటం వేరు, గుర్తుపట్టటం వేరు. ఈ భేదం నాకు అనుభవంలో తెలిసింది. ఆ రోజు నేను కూడా మల్లన్న కథ కొన్నాను, మూడు కాసెట్లు. చాలాకాలం తర్వాత ఒక సంకలనం కోసం అందులోని ఒక ఘట్టాన్ని హిందీలోకి అనువదించటానికి పూనుకొన్నాను. రెండవ కాసెట్టు బూజు పట్టి ఉంది. కథ మధ్యలో తెగిపోయింది. అంతర్జాలంలో వెదికితే మల్లన్న కథలు పదులకొద్దీ వచ్చాయి. ఒక్కదానికి కూడా కథకుడి పేరు పూర్తిగా లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. నా కథకుడి కంఠం వాటిలో వినిపించలేదు. మరొకరి పాఠంతో ఆ ఖాళీ పూరించవచ్చునని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. తిక్కన పర్వంలో పద్యాలు లోపిస్తే మరొక కవి పద్యాలు చేర్చి తిక్కన పేరుతో అనువదిస్తామా? ఆ అనువాదం నేను ముగించలేదు. “మీది ఏ ఊరన్నా?” అని అడిగేవాడు ఆ రోజున నాకు దొరికి ఉంటే ముగించి ఉండేవాడిని.

యంత్రం కూడా మనకు కావలసినవి ఎంచి ఇస్తుందని అంటారు. అది చూసేది మనం నిన్న విన్నది. దుకాణదారు చూసినది మనం వచ్చిన చోటు. మొదటిది అలవాటును పెంచుతుంది. రెండవది జ్ఞాపకాన్ని నిలుపుతుంది. 1902లో కలకత్తాలో తొలి రికార్డులు ఇచ్చిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ప్రకటించేవారు. దూరదేశంలో రికార్డు అచ్చువేసేవారు ఆ గాయని ఎవరో తెలుసుకోవటానికి. పేరు లేని కంఠం నిలవదని యంత్రయుగపు మొదటి దినాలలోనే తెలిసింది. నూరేళ్ళు దాటిన తర్వాత కంఠాలు లెక్కకు మించి ఉన్నాయి, పేర్లు పోయాయి.

ఈ నష్టానికి దుకాణదారును గాని, ఫోనును గాని నిందించి లాభం లేదు. బాధ్యత మనది. 1954లో చేసిన చట్టం ప్రకారం ఈ దేశంలో ప్రచురితమైన ప్రతి పుస్తకానికి ఒక ప్రతి కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు ప్రతులు మూడు ఇతర గ్రంథాలయాలకు చేరాలి. 1956లో ఆ చట్టం పత్రికలకు కూడా వర్తించింది. కాసెట్టుకు వర్తించలేదు. అదే 1954లో సాహిత్య అకాడమీ ఏర్పడింది. దాని దృష్టి గ్రంథం మీద. సంగీత నాటక అకాడమీ ప్రదర్శన వైపు చూసింది. 1964లో పూనాలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారం ఫిల్ము కోసం. జిల్లా భాషలో పాడిన ఒగ్గుకథ కాసెట్టు ఈ మూడు వాకిళ్ళ నడుమ బయటనే నిలిచిపోయింది. దానికి వాకిలి తెరచినది నాలుగడుగుల గది ఒక్కటే. ఆ గది మూతబడినప్పుడు జరిగినది ఒక వర్తకుడి నష్టం మాత్రమేనని ఎట్లా అనగలం?

ఇప్పటికీ కొంత మిగిలే ఉంది. సచిన్‌లో, ఉధనాలో, లింబాయత్‌లో వృద్ధులైన నేతకార్మికుల ఇనపపెట్టెలలో ఆ కాసెట్లు ఉన్నాయి. అయస్కాంతపు పట్టీ ఆయుష్షు మనిషి ఆయుష్షు కన్నా తక్కువ. కొన్నవారు, కొన్న వస్తువు ఏకకాలంలో శిథిలమవుతున్నారు. తాళపత్రాల కోసం ఒకప్పుడు మన పెద్దలు ఊరూరా తిరిగారు. చెదలు పట్టిన కట్టలను భుజాన మోసి తెచ్చారు. వారికి పుణ్యం కలగాలని మనం నేటికీ తలుస్తాము. ఆ పని ఈ తరంలో పెట్టెలో కాసెట్టు కోసం చేయవలసి ఉంది. కాసెట్టు తీసుకొని శబ్దాన్ని నకలు చేస్తే చాలదు. పక్కన కూర్చొని, ఈ కథ చెప్పినది ఎవరు, మీ ఊళ్ళో దీనిని ఎట్లా చెప్పేవారు, ఎప్పుడు ఎక్కడ కొన్నారు అని అడిగి వ్రాసుకోవాలి. అప్పుడుగాని అది పాఠం కాదు. పాఠం అయితేగాని అనువాదానికి రాదు. అనువాదానికి వస్తేగాని గంజాం శ్రోతకు సిరిసిల్ల కథకుడు పరిచయం కాడు.

ఆ మొదటి ప్రశ్న ఏమిటో సచిన్ దుకాణదారు మనకు నేర్పిపోయాడు. ఊరు అడిగిన తర్వాతనే ఆయన కాసెట్టు తీసేవాడు.