బేబెల్ గోపురం, మద్రాసు బడి

ఆర్.ఎఫ్. క్వాంగ్ రాసిన ‘బేబెల్’ (2022) నవల 1830ల నాటి ఆక్స్‌ఫర్డ్‌లో నడుస్తుంది. అందులో చరిత్రలో ఎక్కడా లేని సంస్థ ఒకటుంది, రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాన్స్‌లేషన్. ఎనిమిదంతస్తుల ఆ గోపురాన్ని అందరూ బేబెల్ అంటారు. అక్కడ వెండి కడ్డీకి ఒకవైపు ఒక భాషలో మాట, రెండోవైపు ఇంకో భాషలో దాని అనువాదం చెక్కుతారు. అనువాదంలో జారిపోయిన అర్థం శక్తిగా మారి పని చేస్తుంది. ఒకవైపు ‘ఎంగిలి’ అని చెక్కి, వెనక ఇంగ్లీషులో దగ్గరి మాటేదో పెట్టి చూడండి. జారిపోయినదాంతో ఒక మిల్లే నడపొచ్చు!

(నవల ముగింపు కింద చెప్పేశాను. తెలుసుకోవద్దనుకుంటే ఇక్కడే ఆగిపోండి.)

ఈ లేని సంస్థను నేను నమ్మింది మాయ వల్ల కాదు, అందులోని ఆఫీసు వల్ల. ఫుట్‌నోట్లు, నిఘంటువుల నిర్వహణ, కడ్డీల రిపేర్లు... అన్నీ పక్కాగా ఉంటాయి. కడ్డీ కొంటే సరిపోదు, దాన్ని మళ్ళీమళ్ళీ సరిచూడాలి. ఐటీలో ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన వ్యాపారమే. అసలు ఆదాయం మెయింటెనెన్స్ కాంట్రాక్టులో ఉంటుంది. అందుకే అనువాదకులు సమ్మె చేస్తే లండన్‌లో వంతెన కూలుతుంది. యూరప్ భాషలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కడ్డీల్లో పస తగ్గుతోంది కాబట్టి కాంటన్ నుంచి రాబిన్‌నీ, కలకత్తా నుంచి రామీనీ తెచ్చుకుంటారు. సామ్రాజ్యానికి భాష కూడా ముడిసరుకే అని ఇంత సూటిగా చూపించిన నవల నేను ఇంకోటి చదవలేదు.

నా పేచీ కూడా అక్కడే. ఈ కల్పిత చరిత్రలో మాటలు మనవి, సిద్ధాంతం గోపురానిది. కాంటన్‌లోనో కలకత్తాలోనో కూర్చుని భాష గురించి తమ పద్ధతిలో ఆలోచించే పండితులకు ఇందులో చోటు చాలా తక్కువ.

నిజం చరిత్రలో, అదే కంపెనీ పాలనలో, మద్రాసులో 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ మొదలైంది. అక్కడ విద్యార్థులు కంపెనీ కొలువుకి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు కుర్రాళ్ళు, భాష నేర్పేది మనవాళ్ళు. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్‌కి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. ఆ కాలేజీ వెనకున్న ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలది దానిదీ ఒకే కుటుంబమనీ 1816లోనే వాదించాడు, కాల్డ్వెల్ పుస్తకానికి నలభై ఏళ్ళ ముందు. ఆ వాదన నిలబడింది తత్సమం, తద్భవం, దేశ్యం అన్న విభజన మీద. అది మన వ్యాకర్తలది. ఆ కాలేజీలో పట్టాభిరామశాస్త్రి లాంటివాళ్ళు ఉన్నారు. థామస్ ట్రౌట్‌మన్ ‘లాంగ్వేజెస్ అండ్ నేషన్స్’ (2006)లో ఈ కథ వివరంగా ఉంది.

అక్కడ అంతా సమానంగా ఉండేదని కాదు. జీతమిచ్చేది కంపెనీ, పేరొచ్చింది ఎల్లిస్‌కి. తర్వాత కడపలో బ్రౌన్ సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. ఆయన పేరు తెలిసినంతగా వాళ్ళ పేర్లు మనకే తెలీవు. కానీ వాళ్ళు మాటలు అందించి ఊరుకున్నవాళ్ళు కాదు, ఆలోచన కూడా వాళ్ళదే.

నవల చివర రాబిన్ గోపురాన్ని కూల్చేస్తాడు, తనతో సహా. పూర్తి పేరులోనే ‘హింస ఆవశ్యకత’ అని ఉంది కాబట్టి ఆశ్చర్యం లేదు. కానీ ఆ ఆవశ్యకత ఎక్కణ్ణుంచి వచ్చింది? జ్ఞానమంతా ఒకే భవనంలో పెట్టాక, దాన్ని కూల్చడం తప్ప రాబిన్‌కి దారి మిగల్లేదు. అలా డిజైన్ చేసింది రచయిత్రే. మద్రాసు బడిలో, కడప బంగళాలో ఉన్న చదువు అలా ఒకచోట పోగుపడలేదు. పండితుడు సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు అది ఆయనతోపాటే వెళ్ళేది.

ఇన్ని చెప్పినా, ‘బేబెల్’ తప్పక చదవండి. చదివాక, పద్దెనిమిదేళ్ళ దొర చేత గుణింతం దిద్దిస్తున్న ఒక శాస్త్రిగారి వైపు నుంచి ఎవరైనా తెలుగులో నవల రాస్తే బావుణ్ణని మీకూ అనిపిస్తుందేమో.