ఎదిరించకపోవడం, హింసించకపోవడం: మెన్నోనైట్ శాంతి చింతన – ఒక విమర్శనాత్మక పరిశీలన

మెన్నోనైట్ సంప్రదాయాన్ని ‘అహింసావాద క్రైస్తవం’ అని ఒక్క మాటలో పరిచయం చేయడం పరిపాటి. ఆ మాట తప్పు కాదు గాని ఒక ముఖ్యమైన భేదాన్ని మరుగుపరుస్తుంది. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగం వరకు ఈ సంప్రదాయం తనదిగా చెప్పుకొన్నది ప్రధానంగా అప్రతిఘటనను. దుష్టుని ఎదిరించరాదనే మత్తయి సువార్త ఐదవ అధ్యాయపు ఆజ్ఞ దానికి మూలం. హింసకు దిగకుండా ఎదిరించడం ఒకటి, అసలు ఎదిరించకుండా ఉండడం మరొకటి. సత్యాగ్రహ స్మృతి గల దేశంలో ఈ రెండూ ఒకటిగా వినిపించడం సహజమే. అయితే మెన్నోనైట్ చింతనలోని బలమూ దాని లోపమూ ఈ భేదంలోనే ఉన్నాయి.

1527 ఫిబ్రవరిలో స్విస్ అనబాప్టిస్టులు ష్లైట్‌హైమ్‌లో ఆమోదించిన ఏడు అంశాల విశ్వాస ప్రకటనలో ఆరవది ఖడ్గాన్ని గురించినది. ఖడ్గం దైవనియమితమే గాని క్రీస్తు పరిపూర్ణతకు వెలుపలిదని అది నిర్ణయించింది. రాజ్యం ఖడ్గం పట్టవచ్చు, విశ్వాసి పట్టరాదు. ఆ ప్రకటనకు సూత్రధారి అయిన మైకేల్ సాట్లర్‌ను అదే సంవత్సరం మే నెలలో సజీవ దహనం చేశారు. 1534–35లో మ్యూన్‌స్టర్ నగరాన్ని ఆయుధబలంతో ఏలిన అనబాప్టిస్టుల పతనం తరువాత, చెదరిపోయినవారిని శాంతిమార్గానికి మళ్ళించినవాడు డచ్చి మాజీ గురువు మెన్నో సైమన్స్. సంప్రదాయానికి పేరు ఆయన వల్లనే వచ్చింది. కనుక ఈ శాంతివాదం పుట్టుకతో వచ్చిన సాధుస్వభావం కాదు. స్వజనుల హింసను కళ్ళారా చూసిన తరువాత స్థిరపడిన నిర్ణయం.

ఆ నిర్ణయానికి కథారూపం ఇచ్చిన గ్రంథం 1660లో వాన్ బ్రాఖ్ట్ ప్రచురించిన ‘హతసాక్షుల దర్పణం’. 1685 ముద్రణకు యాన్ లయ్‌కెన్ చెక్కిన నూటనాలుగు చిత్రాలలో డిర్క్ విల్లెమ్స్ చిత్రం నేటికీ మెన్నోనైట్ ఇళ్ళలోను పుస్తకాలలోను కనిపిస్తుంది. చెరసాల నుండి తప్పించుకున్న డిర్క్ పలుచని మంచు మీదుగా అవతలికి చేరాడు. వెంటాడుతున్న భటుడు మంచు విరిగి నీటిలో పడ్డాడు. డిర్క్ వెనుదిరిగి అతణ్ణి పైకి లాగాడు. ప్రాణం దక్కిన భటుడు అతణ్ణి వదిలేయాలనుకున్నా, నగరాధికారి అతని ప్రమాణాన్ని గుర్తుచేసి పట్టించాడు. 1569లో ఆస్పెరెన్‌లో డిర్క్‌ను దహించారు.

ఈ చిత్రాన్ని అప్రతిఘటనకు పరమోదాహరణగా చెబుతారు. నిశితంగా చూస్తే అది అంత సరళం కాదు. ఆ క్షణంలో గట్టి నేల మీద ఉన్నవాడు డిర్క్, మునుగుతున్నవాడు భటుడు. పారిపోగల శక్తి ఉండి వెనుదిరగడం ఒక కార్యం, అదీ స్వేచ్ఛగా ఎంచుకున్నది. అతణ్ణి ఎవరూ వెనుదిరగమని ఆజ్ఞాపించలేదు. తరువాతి బోధకులు ఈ కథను ఎంపిక లేనివారికి సైతం ఆదర్శంగా నిలిపినప్పుడు దాని అర్థం మారిపోయింది.

1944లో గై హెర్ష్‌బెర్గర్ రాసిన ‘వార్, పీస్ అండ్ నాన్‌రెసిస్టెన్స్’ ఈ భేదాన్ని దాచలేదు. అతని దృష్టిలో గాంధీ పద్ధతి అహింసాత్మకమే అయినా బలవంతం చేసేదే, కాబట్టి సువార్త చెప్పే అప్రతిఘటన కాదు. భారతీయ పాఠకునికి ఇది సంకుచితంగా తోచవచ్చు. కాని ఆ వాదంలో ఒక నిజాయితీ ఉంది. సత్యాగ్రహం ప్రత్యర్థిపై ఒత్తిడి తెస్తుందన్న మాట అబద్ధం కాదు. హెర్ష్‌బెర్గర్ వేయని ప్రశ్న వేరొకటి: ఒత్తిడి తేకపోతే ఆ భారం ఎవరి మీద పడుతుంది?

జాన్ హోవార్డ్ యోడర్ 1972లో ప్రచురించిన ‘ది పాలిటిక్స్ ఆఫ్ జీసస్’ మెన్నోనైట్ చింతనను ఏకాంతం నుండి రాజకీయ చర్చలోకి తెచ్చింది. యేసు మార్గం లోకానికి దూరమైనది కాదని, దానికదే ఒక రాజకీయమని అతని ప్రతిపాదన. గ్రంథంలో బలమైన భాగం అదే. బలహీనమైనది ‘విప్లవాత్మక అధీనత’ను ప్రతిపాదించే అధ్యాయం. భార్యలను, దాసులను లోబడి ఉండమని చెప్పే అపొస్తలుల లేఖలు వారిని నైతిక కర్తలుగా సంబోధించాయని, అందులోనే విప్లవం ఉందని యోడర్ వాదించాడు. సంబోధన కొత్తదే కావచ్చు. లోబడవలసినవారు మాత్రం పాతవారే.

ఈ అధ్యాయాన్ని రచయిత జీవితం నుండి విడదీసి చదవడం ఇప్పుడు సాధ్యం కాదు. యోడర్ దశాబ్దాల పాటు స్త్రీలపై సాగించిన లైంగిక వేధింపులను చరిత్రకారిణి రేచల్ వాల్ట్‌నర్ గూసెన్ 2015లో ‘మెన్నోనైట్ క్వార్టర్లీ రివ్యూ’లో వివరంగా నమోదు చేసింది. బాధితులు వందమందికి పైగా ఉంటారని అంచనా. విమర్శకు ఇంకా ముఖ్యమైన విషయం, అతను తన రక్షణకు వాడుకున్న సాధనం. తప్పు చేసిన సోదరునితో ముందు ఏకాంతంగా మాట్లాడాలనే మత్తయి పద్దెనిమిదవ అధ్యాయపు నియమాన్ని ఎదుట పెట్టి, ఆరోపించినవారే తనకు ముఖాముఖి రావాలని పట్టుబట్టాడు. సమాధానానికి ఉద్దేశించిన క్రమం బాధితులను మౌనంగా ఉంచే క్రమంగా మారింది. శాంతి సంస్థలుగా పేరున్నవి దానిని చాలాకాలం సహించాయి.

వ్యక్తి పతనం వల్ల సిద్ధాంతం అసత్యం కాదనే వాదన ఉంది. అది సగమే నిజం. యోడర్‌పై సంఘ విచారణ ఆరంభమైన 1992లోనే ‘పీస్ థియాలజీ అండ్ వయొలెన్స్ అగైన్‌స్ట్ విమెన్’ అనే సంకలనం వెలువడింది. యుద్ధాన్ని గురించి ఇంత మాట్లాడిన సంప్రదాయం ఇంటిలోని హింసను గురించి ఎందుకు మాట్లాడలేదన్నది దాని వెనుక ఉన్న ప్రశ్న. ఖడ్గాన్ని రాజ్యానికి అప్పగించి, అధికారమంతా బయటే ఉందని అనుకున్న సంఘానికి తన లోపలి అధికారం కనిపించలేదు. ఈ లోపం సిద్ధాంతానిదే.

ఈ ప్రశ్నకు తెలంగాణతో సంబంధం ఉంది. 1899లో అమెరికన్ మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు నిజాం రాజ్యానికి వచ్చారు. నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, షంషాబాద్ వారి కేంద్రాలయ్యాయి. వారి సంఘాలలో చేరినవారు అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. డచ్చి వ్యాపారికో, పెన్సిల్వేనియా రైతుకో అప్రతిఘటన అంటే చేతిలోకి తీసుకోగల ఆయుధాన్ని వద్దనుకోవడం. దొర ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచే వెట్టివానికి వద్దనుకోవడానికి ఆయుధం లేదు. అతనికి అప్పటికే అలవాటైన తలవంపునకు వాక్యం తోడైందా, లేక బాప్తిస్మం, బడి, ఆసుపత్రి ఆ తలను కొంత ఎత్తాయా? పాలమూరు సంఘాల ప్రసంగాలలో, సాక్ష్యాలలో ‘ఎదిరించు’ అనే క్రియ ఎవరిని ఉద్దేశించి, ఏ సందర్భంలో వాడబడిందో పరిశోధకులు వరుసగా పరిశీలిస్తే గాని దీనికి సమాధానం దొరకదు.