గణాంక ప్యాకేజీలలో ఇద్దరు రావులు

బళ్లారి ప్రాంతపు తెలుగు కుటుంబములకు హడగలి క్రొత్త పేరు కాదు. నాడు మదరాసు రాజధానిలో నుండి, నేడు కర్ణాటకమున 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలో చేరియున్న ఆ యూర 1920 సెప్టెంబరు 10వ తేదీన ఒక తెలుగింట కల్యంపూడి రాధాకృష్ణారావు జన్మించెను. ఎనిమిదవ సంతానము గనుక కృష్ణుని పేరు పెట్టిరని చెప్పుదురు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థలో చేరి, ఇరువదియైదేండ్లు నిండియు నిండని ప్రాయమున 1945లో ప్రకటించిన యొక వ్యాసముతో ఆయన శాస్త్రలోకమున ప్రసిద్ధుడయ్యెను. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమానమును పొంది, ఆ సంవత్సరము ఆగస్టులో నూటరెండేండ్ల వయస్సున అమెరికాలో గతించెను. ఇదంతయు పత్రికలలో వచ్చినదే. కాని ఆయన పేరు నేటి కంప్యూటరు ప్రోగ్రాములలో ఎట్లు నిలిచియున్నదో, ఆ ప్రోగ్రాములు రాష్ట్రేతర తెలుగువారి లెక్కలకు ఎంతవఱకు పనికివచ్చునో విచారించినవారు అరుదు.

గణాంక పరిశోధకులు నేడు విరివిగా వాడు కంప్యూటరు భాషలలో 'ఆర్' యనునది యొకటి. న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను నిద్దఱు అధ్యాపకులు దీనిని నిర్మించిరి. 1995లో ఇది ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లును, మార్చుకొనునట్లును విడుదల చేయబడెను. 2000 ఫిబ్రవరి 29న దీని తొలి పూర్ణరూపము వెలువడెను. మూలభాష చిన్నది. దాని బలమంతయు ఇతరులు వ్రాసి చేర్చిన అనుబంధ ప్యాకేజీలలో నున్నది. 1997లో ఆరంభమైన 'క్రాన్' అను భాండాగారమున నేడు ఇరువది వేలకు పైబడిన ప్యాకేజీలు కలవు. మూలమునకు వ్యాఖ్యానము లెట్టివో 'ఆర్' భాషకు ఈ ప్యాకేజీ లట్టివి. మల్లినాథుని వంటివారును గలరు, మూలమును చెఱచినవారును గలరు.

రావు పేరు మూలభాషలోనే యున్నది. రెండు నమూనారూపములను సరిపోల్చునప్పుడు ఏ పరీక్ష కావలెనని ప్రోగ్రాము కోరు పేర్లలో 'రావు' ఒకటి. అది 1948లో కల్యంపూడివారు ప్రతిపాదించిన 'స్కోరు పరీక్ష'. ఆయన 1982లో నిర్వచించిన వైవిధ్యమానము జీవావరణ ప్యాకేజీలలోనికి ఎక్కినది. అయితే 'సర్వే' యను ప్యాకేజీని తెఱచిన పాఠకునకు 'రావు–స్కాట్' సవరణ కనిపించును. ఇదియు హడగలి రావుగారిదే యని పలువురు పొరబడుదురు. ఆ రావు వేఱు. ఆయన 1937లో ఏలూరున జన్మించి, కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యత్వము వహించిన జొన్నగడ్డ నళినీకాంతరావు. రెండవ పేరు ఆక్లండ్ ఆచార్యుడైన ఆలస్టెయిర్ స్కాట్‌ది. వీరిరువురు 1981లోను 1984లోను ప్రకటించిన వ్యాసములే ఆ సవరణకు మూలము. రాష్ట్రేతర తెలుగువారికి ఎక్కువ పనికివచ్చువాడు ఈ రెండవ రావే.

కారణము స్పష్టము. 2011 జనగణన ననుసరించి తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైబడియున్నారు. కర్ణాటకమున 35 లక్షలకు మించియున్నారు. రెండు చోట్లను నూటికి ఇంచుమించు ఆరుగురు. సంఖ్య గొప్పదే, కాని వేయిమందితో రాష్ట్రమంతటికి నొక నమూనా తీసినచో అందు తెలుగువారు అఱువదిమంది మాత్రమే తగులుదురు. పైగా వారు రాష్ట్రమంతట సమముగా చల్లినట్లుండరు. కొన్ని పేటలలో, కొన్ని గ్రామములలో గుంపులుగా నుందురు. ఒక పేటలోని ఇండ్ల చదువును, వృత్తియు, మాటయు ఒకదాని నొకటి పోలియుండును. గనుక ఇరువది ఇండ్లను అడిగినను ఇరువది వేర్వేఱు సమాధానములు రావు.

ఒక తెలుగు సమాజమువారు పదునైదు పేటలలో పేట కిరువది చొప్పున మున్నూఱు ఇండ్లను విచారించి, పిల్లలకు తెలుగు చదువ వచ్చునా యని అడిగిరనుకొందము. సగము ఇండ్లలో వచ్చునని తేలినది. ఆ మున్నూఱును చీట్లు వేసి తీసినట్లు భావించి లెక్కించినచో నూటికి ఆఱు పాళ్లలోపు అటు నిటు తేడా యుండవచ్చునని వచ్చును. కాని పేటలోని ఇండ్ల పోలిక 0.05 అనుకొన్నను, ఒకటికి పందొమ్మిది రెట్లు 0.05ను కలుపగా 1.95 వచ్చును. దీనిని 'రూపకల్పన ప్రభావము' అందురు. మున్నూఱు ఇండ్ల విలువ ఇప్పుడు 154 ఇండ్ల విలువకు దిగినది. తేడా ఎనిమిది పాళ్లకు పెరిగినది. తిరిగినవారి శ్రమ మున్నూఱు గడపలది. లభించిన జ్ఞానము అందు సగము.

తెలుగు బడిలో చదివినవారికిని చదువనివారికిని నడుమ భేదము గలదా యని కై-వర్గ పరీక్ష చేయువారి కిది మఱింత ప్రమాదకరము. మూలభాషలోని సాధారణ పరీక్ష 5.2 అను విలువ నిచ్చినదనుకొన్న, గీటు 3.84 గనుక 'భేదము సిద్ధము' అని వ్రాసివేయుదురు. పట్టికకు సగటు ప్రభావము 1.95 యైనచో, రావు–స్కాట్ మొదటి సవరణచేత అది 2.67కు దిగును, భేదము సిద్ధించినట్లు కాదు. ప్రభుత్వమునకు బడి కావలెనని సమర్పించు విజ్ఞాపనమున నిట్టి అంకెను పెట్టి, ఎదుటి అధికారి యొక్క గణాంకజ్ఞుని కొలువులో దానిని పోగొట్టుకొనుట కంటె ముందే తెలిసికొనుట మేలు.

ఆక్లండ్ ఆచార్యుడైన థామస్ లమ్లీ రచించిన 'సర్వే' ప్యాకేజీ ఈ తప్పును చేయనీయదు. దీనిని గూర్చి ఆయన 2004లో వ్యాసమును, 2010లో గ్రంథమును ప్రకటించెను. దీని గుణమంతయు ముందు ప్రశ్నించుటలో నున్నది. స్తరము లేవి, గుంపు లేవి, ఒక్కొక్క ఇంటి బరువెంత — ఇవి చెప్పిన పిమ్మటనే అది లెక్కకు దిగును. కై-వర్గ పరీక్ష కోరినచో, ప్రత్యేకముగ నడుగకున్నను, రావు–స్కాట్ రెండవ సవరణనే చేసి చూపును. వాడువాడు ఏమఱినను శాస్త్రము ఏమఱకుండ నిర్మించుట యనగా నిదియే. రాష్ట్రపు నమూనానుండి తెలుగువారి వరుసలను మాత్రము ముందుగా కోసి తెచ్చి లెక్కించుట లోకమున వాడుకయై యున్నది. అట్లు కోసినచో తెలుగువారు తగులని గుంపు లన్నియు మాయమగును. తెలుగువారి సంఖ్యయే నమూనా నుండి నమూనాకు మారునన్న సంగతి లెక్కలోనికి రాదు. ఈ ప్యాకేజీలో మొత్తము నమూనా వివరమును ముందు చెప్పి, పిదప తెలుగువారిని విడదీయు మార్గము గలదు. కోయుటకును విడదీయుటకును గల ఈ భేదమును కనిపెట్టినవారు తక్కువ.

ఒక స్తరమున ఒకే గుంపు మిగిలినప్పుడు దీని నడత మఱియు మెచ్చదగినది. ఒకే గుంపునుండి గుంపులకు నడుమనున్న తేడాను కొలుచుట అసాధ్యము. అప్పుడు ప్యాకేజీ, మఱొక విధముగ ఆజ్ఞ లేనిచో, లెక్కను ఆపి దోషమని చెప్పును. దీనిని విసుగుగా భావించి, దోషవాక్యము కనబడగనే మందు వెదకువారు పెక్కుమంది. మందులును కలవు: ఆ స్తరమును విస్తృతి గణనమునుండి తొలగింపుమనవచ్చును, లేదా సవరింపుమనవచ్చును. తొలగించినచో ఆ స్తరమునుండి రావలసిన అనిశ్చయము సున్న యగును. అనగా మనకు ఏమియు తెలియనిచోట అంతయు తెలిసినట్లు ఫలితము వచ్చును. చెదరియున్న చిన్న సమాజములకు ఈ చిక్కు తఱచు కలుగును. వారి లెక్కలలో ఈ మందు వాడబడినదా లేదా యని అడుగవలసినవారు వారే.

మెచ్చితిమని దోషము దాచరాదు. ఈ ప్యాకేజీలో సగటునకు విశ్వాసావధిని కోరినచో, ఎన్ని గుంపులున్నను అనంతముగ నున్నట్లు భావించి సామాన్య వక్రము ననుసరించి గుణకము 1.96నే తీసికొనును. పైన చెప్పిన పదునైదు పేటలకు స్వాతంత్ర్యపరిమాణము పదునాలుగే, గుణకము 2.14 కావలెను. ఎనిమిది పాళ్ల తేడా తొమ్మిదికి చేరువగును. సంఖ్యను చేతితో నందించినచో ప్యాకేజీ ఒప్పుకొనును. కాని అందింపవలెనని తెలిసినవా డెవడు? అన్నిచోట్ల ప్రశ్నించిన గ్రంథకర్త ఇచ్చట మౌనము వహించుట లోపమే. నిష్పత్తుల కొఱకు వేఱుగా వ్రాసిన ప్రమేయమున ఈ జాగ్రత్త తీసికొనియే యున్నాడు. సగటులకు ఏల తీసికొనలేదో!

నమూనాయే మిక్కిలి చిన్నదైనచో 'సర్వే' చేయగలిగినది లేదు. అక్కడ రెండవ రావుగారి మఱొక కృషి వచ్చును. చిన్న ప్రాంతముల అంచనాలపై ఆయన 2003లో ప్రకటించిన గ్రంథము ఆ శాస్త్రమునకు ప్రమాణము. 2015లో ఇసబెల్ మోలినాతో కలిసి దాని రెండవ కూర్పు వెలువరించెను. ఆ మోలినాయే యోలాండా మర్వెందాతో కూడి 'ఎస్.ఎ.ఇ.' అను ప్యాకేజీని రచించెను. 1979లో ఫే, హెరియట్ అను అమెరికనులు చూపిన మార్గము దీనికి ఆధారము: ఒక ప్రాంతపు నమూనా చాలనప్పుడు, జనగణన మొదలగు ఇతర అంకెలలో దానిని పోలు ప్రాంతములనుండి బలమును అరువు తెచ్చుకొనుట. ఇరుగు పొరుగున చేబదులు వంటిదే. 'ప్రాంతము' అన్నమాట నేలకు మాత్రమే చెందదు; ఒక భాషవారు, ఒక వృత్తివారు అను వర్గమునకును ఈ శాస్త్రమున వర్తించును.

ఐనను ఈ ప్యాకేజీయెడ విమర్శకుని మాట కొంత కఠినముగ నుండక తప్పదు. ఇది ప్రతి ప్రాంతపు ప్రత్యక్షాంచనతోపాటు దాని విస్తృతిని గూడ వాడువానినే ఇమ్మని కోరును. ఇచ్చినదానిని తిరుగులేని సత్యముగ గైకొనును. పదిమంది మాత్రమే దొరికిన జిల్లాలో ఆ విస్తృతి ఆ పదిమందినుండి లెక్కించినదే కదా! చేబదులు ఎంత తేవలెనన్నది ఆ సంఖ్యపైననే ఆధారపడియుండును. విస్తృతి పొరపాటున చిన్నదిగా వచ్చిన జిల్లా తన మాటమీదనే నిలుచును. పెద్దదిగా వచ్చినది ఇరుగుపొరుగుల మాటలోనికి కరగిపోవును. విస్తృతులను ముందుగా నున్నన చేసి యిమ్మని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ప్యాకేజీ మాత్రము చేసితివా యని అడుగదు. అడుగుటలో 'సర్వే' చూపిన పట్టుదల ఇందు లేదు.

దానితోకూడ నిచ్చిన ఉదాహరణములు అయోవా రాష్ట్రములోని పండ్రెండు కౌంటీల మొక్కజొన్న, సోయా పంటలు. అమెరికాలో నలువదిమూడు ప్రాంతముల పాలఖర్చు. స్పెయిన్ దేశపు యేబదిరెండు ప్రాంతముల ఆదాయమునకు కల్పించిన అంకెలు. పొలమునకు ఉపగ్రహచిత్రము సాక్ష్యమిచ్చును. బరంపురములోనో షోలాపురములోనో తెలుగింటి సంగతికి అరువు దొరకు చోటు జనగణనయే. ఆ జనగణనలో భాషల లెక్క 2011 నాటిది. 2021లో జరుగవలసినది వాయిదా పడెను. కావున నే డెవరైనను ఈ ప్యాకేజీతో ఒడిశాలోనో మహారాష్ట్రములోనో తెలుగువారి చదువును అంచనా వేసినచో, అది తెచ్చుకొను బలము 2011 నాటి వీథులనుండి వచ్చినది. ఆ తరువాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుచున్నారు.