వాలెస్ యాత్రాగ్రంథంలో ఆలీ

ప్రకృతి శాస్త్రజ్ఞుల యాత్రాగ్రంథాలు చదివేటప్పుడు పాఠకుడు ఒక ప్రశ్న వేసుకొనవలెను: ఈ ప్రాణిని మొదట చూచినదెవరు, పట్టుకొన్నదెవరు? ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1869లో ప్రకటించిన ‘మలయ్ ఆర్కిపెలాగో’ అనే గ్రంథానికి ఈ ప్రశ్న ముఖ్యంగా వర్తిస్తుంది.

వాలెస్ 1854 నుండి 1862 వరకు నేటి మలేషియా, సింగపూరు, ఇండొనీషియా మొదలైన ప్రాంతాల్లో సుమారు 14,000 మైళ్లు తిరిగినాడు. అతడు ధనవంతుడు కాడు. సేకరించిన నమూనాలను లండనులోని ఏజెంటు అమ్మిపెట్టగా వచ్చిన డబ్బే అతనికి ఆధారం. గ్రంథపు పీఠికలో ఇచ్చిన లెక్క ప్రకారం నమూనాలు మొత్తం 1,25,660. అందులో పెంకు పురుగులు 83,200, పక్షులు 8,050. ఇది ఒక్క మనిషి చేతి పని కాదని ఈ అంకెలే చెపుతున్నవి.

పక్షిని కొట్టడంతో పని ముగియదు. ఉష్ణమండలపు తేమలో మాంసం త్వరగా కుళ్లిపోతుంది. చర్మం చిరగకుండ, ఈకలు చెదరకుండ ఒలిచి, పాషాణం పట్టించి, ఆరబెట్టవలెను. ఆరబెట్టినదానిని చీమల నుండి కాపాడవలెను. ఇందులో ఆరితేరినవాడు ఆలీ. ఈ మలయా బాలుని వాలెస్ 1855లో బోర్నియోలోని సారవాక్‌లో పనిలో పెట్టుకొన్నాడు. వంట చేయడం, యజమానికి మలయా భాష అలవాటు చేయడం మొదట అతని పని. తరువాత తుపాకి కాల్చడం, పక్షుల చర్మం ఒలవడం నేర్చుకొన్నాడు. కొంతకాలానికి కొత్తగా చేరిన పనివారికి తానే నేర్పే స్థితికి వచ్చినాడు.

1858 అక్టోబరులో బచాన్ దీవిలో ఆలీ ఒక వింత పక్షిని కొట్టి తెచ్చినాడు. దాని రొమ్మున మెరిసే ఆకుపచ్చ ఈకలు, ఒక్కొక్క భుజం నుండి రెండేసి పొడవైన తెల్లని ఈకలు ఉన్నవి. ఇది శాస్త్రానికి తెలియని స్వర్గపక్షి అని వాలెస్ గుర్తించినాడు. 1859లో బ్రిటిష్ మ్యూజియంకు చెందిన జి. ఆర్. గ్రే దీనికి వాలెస్ పేరు మీదుగా నామకరణం చేసినాడు. పట్టినవాడు ఆలీ, పేరు వాలెస్‌ది!

అయితే వాలెస్‌కు అన్యాయం చేయరాదు. ఆ పక్షిని ఆలీయే తెచ్చినాడని మనకు తెలిసినది వాలెస్ గ్రంథం వల్లనే. 1862లో సింగపూరులో విడిపోయేటప్పుడు అతడు ఆలీకి డబ్బు, తుపాకులు ఇచ్చినాడు, ఫోటో తీయించినాడు. 1905లో ప్రకటించిన ఆత్మకథలో ఆ ఫోటోను అచ్చువేసి, ఆలీ నేర్పును, ధైర్యాన్ని మెచ్చుకొన్నాడు. కాని ఈ మెప్పు దాదాపు 40 ఏళ్లు ఆలస్యంగా వచ్చినది. 1869 గ్రంథంలో ఆలీ అక్కడక్కడ కనిపించి మాయమవుతాడు. పీఠికలోని పట్టికలో ఆలీ కొట్టినవెన్ని, ఇతరులు తెచ్చినవెన్ని అన్న విభజన లేదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన లోపం కాదు. వాలెస్ లంబోక్‌లో చూచిన కాకటూ చిలుకలు, పక్కనున్న బాలిలో అతనికి కనబడలేదు. ఇటువంటి భేదాలను కూర్చి, ఆసియా జీవజాతులకు, ఆస్ట్రేలియా జీవజాతులకు మధ్య అతడు ఒక సరిహద్దు గీసినాడు. దానినే నేడు వాలెస్ రేఖ అంటున్నాము. ఏ జీవి ఏ దీవిలో దొరికినదన్న సమాచారమే ఈ రేఖకు పునాది. నమూనా తెచ్చినవాడు చోటు తప్పు చెప్పితే సిద్ధాంతమే కదలిపోతుంది. వాలెస్ తాను వెళ్లని అడవుల విషయంలో సహాయకుల మాటను నమ్మవలసివచ్చినది. నమ్మదగిన సాక్షి పేరును నమోదు చేయడం శాస్త్రపద్ధతిలో భాగమే కదా!

ఇన్ని లోపాలున్నా, దీవుల ప్రకృతిని, ప్రజలను ఇంత ఆసక్తికరంగా వర్ణించిన గ్రంథాలు తక్కువ. ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులకు తప్పక పరిచయం చేయవలెను. అంతేకాదు, పాఠశాలలో ఆకులు, పురుగులు సేకరింపజేసేటప్పుడు ప్రతి చీటీ మీద చోటు, తేదీతోపాటు తెచ్చిన విద్యార్థి పేరు కూడ రాయించవలెను.